అట్ట లేని క్యాసెట్

బీతోవెన్ ఐదో సింఫనీ రికార్డింగుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఎవరిదో నాకు తెలియదు. ఏ ఆర్కెస్ట్రా వాయించిందో, ఎవరు కండక్ట్ చేశారో, ఏ సంవత్సరమో, ఏ కంపెనీయో, ఏదీ తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా రికార్డులు పోగేస్తున్నవాడు ఈ మాట పైకి అనకూడదు. ఒకసారి అన్నాను. తోటి రికార్డుల పిచ్చివాళ్ళు పడీపడీ నవ్వారు.

అది అబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద, పాత పుస్తకాల గుట్టల మధ్య దొరికిన క్యాసెట్. అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ మీద ఎవరో ఇంట్లో ఎక్కించుకున్నది. అట్ట లేదు. నీలం ఇంకుతో ఇంగ్లిషులో "బీతోవెన్ 5" అని రాసుంది, అంతే. ముందు బీతోవెన్‌దే ఎగ్మాంట్ ఓవర్చర్ (నాటకం మొదలయ్యే ముందు వాయించే సంగీతం), దాని తర్వాత సింఫనీ. ఓవర్చర్ ఎనిమిది తొమ్మిది నిమిషాలు తినేసేది కాబట్టి, సింఫనీ మూడో మూవ్‌మెంట్ (భాగం) చివరికి వచ్చేసరికి మొదటి వైపు టేపు అయిపోయేది.

ఐదో సింఫనీ తెలిసినవాళ్ళకు ఆ చోటు గురించి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం చెబుతాను. మూడో మూవ్‌మెంట్ చివర్లో ఆర్కెస్ట్రా దాదాపు ఆగిపోయినంత పని అవుతుంది. తీగవాద్యాలు ఊపిరి బిగబట్టి స్వరాలను కదలకుండా పట్టుకుని ఉంటాయి. కింద టింపని అనే పెద్ద భేరి ఒక్కటే, పక్క వీధిలో ఎవరో రోకలి వేస్తున్నంత మెల్లగా, కొడుతూ ఉంటుంది. దాని మీద వయొలిన్లు తడుముకుంటూ పైకి పాకుతాయి. యాభై బార్ల (మన తాళం ఆవర్తనం లాంటి కొలత) పాటు ఇదే. చివరి ఎనిమిది బార్లలో చప్పుడు ఒక్కసారిగా ఉబికి, ఎక్కడా ఆగకుండా నాలుగో మూవ్‌మెంట్‌లో పడుతుంది. చీకటి లాంటి సి మైనర్ పోయి వెలుగు లాంటి సి మేజర్ వస్తుంది. అంతవరకూ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చున్న మూడు ట్రాంబోన్లు, పికోలో, కాంట్రాబసూన్ అనే ఊదే వాద్యాలు అక్కడే మొదటిసారి అందుకుంటాయి.

నా క్యాసెట్‌లో సరిగ్గా ఆ టింపని దగ్గర "టక్"మని టేప్‌రికార్డర్ మీట పైకి లేచేది. లేచి, క్యాసెట్ తిప్పి పెట్టి, మళ్ళీ మీట నొక్కితే కాసేపు సుయ్‌మని శబ్దం. ఆ తర్వాత ట్రాంబోన్లు. నాకు ఇరవై ఏళ్ళు వచ్చేదాకా ఆ చీకటికీ ఆ వెలుగుకూ మధ్య నేను లేచి నిలబడే తీరాలి. ఇప్పుడు నా దగ్గర ఈ సింఫనీవి నలభై ఒక్క రికార్డింగులు ఉన్నాయి. వాటిలో ఒక్కదాంట్లోనూ ఆ టక్ లేదు. ఆ లోటు నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఇదంతా ఎందుకంటే, రికార్డులు పోగేసేవాళ్ళం ఇద్దరం కలిస్తే అడిగే మొదటి ప్రశ్న ఒకటుంది. "ఐదులో నీ నంబర్ వన్ ఏది?" దానికి సగం మంది ఆలోచించకుండా చెప్పే జవాబు కూడా ఒకటుంది: కార్లోస్ క్లైబర్, వియన్నా ఫిల్హార్మోనిక్, 1974. తక్కినవాళ్ళు ఆ జవాబు చెప్పకూడదన్న పట్టుదలతో ఇంకోటి చెబుతారు. నా గొడవ క్లైబర్‌తో కాదు, ప్రశ్నతో. ఆ ప్రశ్నకు మనం చెప్పే జవాబుల్లో చాలామటుకు సంగీతం గురించి కావు. అవి మన గురించి, ఆ హాలు గురించి, టేపు గురించి, అట్ట మీద అచ్చేసిన సంవత్సరం గురించి. కండక్టర్‌కు మనం కట్టబెట్టే ఘనతలో సగం అతనిది కాదని నా వాదన.

ఈ తగవు మాకు ఇంట్లోనే ఉండేది, వేరే రూపంలో. మా నాన్నకు రాయబారం పద్యాలంటే ప్రాణం. మా పెదనాన్నకూ అంతే. ఒకాయనకు పీసపాటి నరసింహమూర్తి కృష్ణుడు. ఇంకొకాయనకు షణ్ముఖి ఆంజనేయరాజు కృష్ణుడు. పద్యం అదే, అక్షరం మారదు. అయినా ఆ పద్యం ఎత్తుకోవడం ఎలా ఉండాలి, రాగం ఎంతసేపు తియ్యాలి, మాట ఎక్కడ విరవాలి అని పండగకు కలిసినప్పుడల్లా కంచాల ముందు చేతులు ఎండిపోయేదాకా వాదించుకునేవాళ్ళు. మా అమ్మ ఒకసారి విసుగొచ్చి అడిగింది, "ఏవండీ, మీరు చిన్నప్పుడు మొదట చూసిన నాటకంలో కృష్ణుడెవరు?" నాన్న పీసపాటి అన్నాడు. "బావగారూ, మీకో?" పెదనాన్న షణ్ముఖి అన్నాడు. "సరే, పెరుగు వేసుకోండి" అంది అమ్మ.

సింఫనీ రికార్డులకూ ఇంతకంటే పెద్ద సిద్ధాంతం అక్కర్లేదనిపిస్తుంది ఒక్కోసారి. కానీ కొంచెం లోపలికి వెళ్దాం, ఎందుకంటే అక్కడ సరదా ఉంది.

మొదట ఆ నాలుగు స్వరాలు. అందరికీ తెలిసిన "డడడ డాం". నిజానికి సింఫనీ మొదలయ్యేది ఆ స్వరాలతో కాదు, నిశ్శబ్దంతో. బార్ మొదట్లో ఒక చిన్న విరామం ఉంది, ఆ తర్వాతే మూడు పొట్టి స్వరాలు. మనవాళ్ళు అనాగత ఎడుపు అంటారే, తాళం పడ్డాక పాట అందుకోవడం, అచ్చంగా అదే. కండక్టర్ చెయ్యి కిందికి వచ్చినప్పుడు ఎవరూ వాయించరు. ఆ ఖాళీ దెబ్బ తర్వాత అరవై డెబ్భై మంది కలిసికట్టుగా దూకాలి. అందుకే ఇది ఆర్కెస్ట్రాలకు టెన్షన్ పెట్టే ఆరంభం. నాలుగో స్వరం మీద ఆపుగుర్తు ఉంటుంది, దాన్ని ఎంతసేపు లాగాలో కండక్టర్ ఇష్టం. మళ్ళీ అదే వరుస ఒక మెట్టు కింద వస్తుంది. రెండోసారి ఆ పొడుగు స్వరానికి బీతోవెన్ ఒక బార్ అదనంగా ఇచ్చాడు. ఆ బార్‌ను ముందు రాయలేదు, తర్వాత చేర్పించాడు. అంటే రెండో ఆపు మొదటిదాని కంటే పొడుగ్గా ఉండాలని ఆయనకు పట్టింపు ఉందన్నమాట. ఇప్పుడు మీ దగ్గరున్న ఏ రెండు రికార్డింగులైనా తీసి ఈ మొదటి అయిదు బార్లు మాత్రం వినండి. కొందరు రెండు ఆపులూ సమానంగా పెడతారు. కొందరు రెండోదాన్ని నిజంగానే సాగదీస్తారు. జర్మన్ కండక్టర్ ఫుర్ట్‌వెంగ్లర్ అయితే ఆ స్వరాల మీద కూర్చుండిపోతాడు, ఇక లేవడేమో అనిపించేలా.

ఇక వేగం. బీతోవెన్ 1817లో తన సింఫనీలకు మెట్రోనోమ్ (వేగం కొలిచే యంత్రం) అంకెలు ఇచ్చాడు. మొదటి మూవ్‌మెంట్‌కు నిమిషానికి 108 బార్లు. ఈ మూవ్‌మెంట్‌లో 502 బార్లు ఉన్నాయి. మొదటి 124 మళ్ళీ వాయించమని గుర్తు ఉంది. కూడితే 626. భాగిస్తే ఆరు నిమిషాల లోపు, ఆపుల దగ్గర పోయేది కలుపుకుంటే ఆరు నిమిషాల పైచిలుకు. ఆ కాలపు వాద్యాలతో 1990లలో జాన్ ఎలియట్ గార్డినర్ చేసిన రికార్డింగ్ దీనికి దగ్గర్లో ఉంటుంది. కార్లోస్ క్లైబర్‌ది ఏడు నిమిషాలు దాటుతుంది. ఒట్టో క్లెంపరర్ 1959లో చేసినది దాదాపు తొమ్మిది. క్లైబర్‌ది "మెరుపు వేగం" అని రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు. లెక్కేస్తే అది బీతోవెన్ అడిగినదానికంటే బాగా నెమ్మది. మరి వేగంగా ఎందుకు అనిపిస్తుంది? స్వరాలను కత్తిరించినట్టు పొట్టిగా, అంచులు పదునుగా వాయించడం వల్ల. వేగం వేరు, వేగంగా ఉందన్న భావన వేరు. స్టాప్‌వాచ్ పట్టుకుని వినడాన్ని సంగీతం తెలిసిన మిత్రులు ఎగతాళి చేస్తారు గానీ, నాకు ఈ సంగతి నేర్పింది స్టాప్‌వాచే.

నాకు బాగా ఇష్టమైన పోలిక మాత్రం ఇంకోటి. మొదటి మూవ్‌మెంట్‌లో రెండో ఇతివృత్తం వచ్చే ముందు హార్న్‌లు ఒక పిలుపు పిలుస్తాయి, ఊరి మొదట్లో కొమ్ము ఊదినట్టు. అదే పిలుపు తర్వాత మళ్ళీ రావాల్సిన చోట బీతోవెన్ స్కోరులో దాన్ని బసూన్లకు రాశాడు. ఆ కాలపు హార్న్‌కు మీటలు లేవు. ఈ-ఫ్లాట్ శ్రుతికి అమర్చిన హార్న్ ఆ పిలుపును సి మేజర్‌లో ఊదలేదు, గొట్టం మార్చుకునే వ్యవధి లేదు. ఈ కాలపు హార్న్ ఏ స్వరమైనా ఊదుతుంది కాబట్టి, పాత తరం కండక్టర్లు చాలామంది "బీతోవెన్ ఉంటే ఇదే చేసేవాడు" అని బసూన్లను పక్కనపెట్టి హార్న్‌లకే ఇచ్చేశారు. గార్డినర్ తరం వచ్చి మళ్ళీ బసూన్లకు అప్పజెప్పింది.

మా నాన్న ఒకసారి హైదరాబాద్ వచ్చినప్పుడు ఇది వినిపించాను. ఆయనకు సింఫనీ అంటే ఏమిటో తెలియదు, పట్టించుకోడు కూడా. సోఫాలో పేపర్ చదువుకుంటున్నాడు. గార్డినర్ పెట్టాను. రెండోసారి పిలుపు రాగానే పేపర్ దించి, "ఇందాక గట్టిగా ఊదినవాళ్ళు ఏమయ్యారురా? ఇప్పుడు ఎవరో జలుబు చేసినట్టు ఊదుతున్నారు" అన్నాడు. నేను హార్న్, బసూన్, మీటలు, గొట్టం అంతా చెప్పాను. కాసేపు ఆలోచించి, "అట్లాగే బాగుంది. హరిశ్చంద్రుడు మొదటి అంకంలో పాడినట్టు కాటి సీన్‌లో పాడితే ఏం బాగుంటుంది?" అని మళ్ళీ పేపర్ ఎత్తుకున్నాడు. హార్న్ వైపు నిలబడి పదేళ్ళుగా వాదిస్తున్న నేను ఆ రోజు పార్టీ మారిపోయాను.

రికార్డులు పోల్చడం వల్ల లాభం ఉంటే అది ఇదే. ఒక రికార్డింగే వింటే ఆ పిలుపు అలాగే ఉంటుందనుకుంటాం. రెండోది వింటేనే అక్కడ ఒకరు ఏదో నిర్ణయించారని తెలుస్తుంది. మొదటి ర్యాంకు ఎవరికన్నది అక్కడ అసలు అడగాల్సిన పనే లేదు.

ఇప్పుడు నా వాదనలో అసలు ముక్కకు వస్తాను.

మూడేళ్ళ కిందట మేం నలుగురం ఒక పరీక్ష పెట్టుకున్నాం. బ్యాంకులో రిటైరైన ఒకాయన, పిల్లల డాక్టరు గారు, సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు, నేను. డాక్టరు గారి అమ్మాయి ఆరు రికార్డింగుల్లోంచి మొదటి రెండు నిమిషాలు తీసింది: తండ్రి క్లైబర్ (ఎరిక్), కొడుకు క్లైబర్ (కార్లోస్), 1962 నాటి కరయాన్, క్లెంపరర్, జార్జ్ సెల్, 1947 నాటి ఫుర్ట్‌వెంగ్లర్. పాతవి కొత్తవి తెలిసిపోకుండా అన్నిటినీ మోనో చేసింది. సౌండు అన్నిటికీ సమానం చేసింది. పేర్లు చెప్పకుండా వినిపించింది.

కరయాన్ పేరెత్తితే "పైపై పాలిష్" అని మొహం చిట్లించే బ్యాంకు పెద్దాయన కరయాన్‌కు మొదటి మార్కు వేశాడు. "దీంట్లో నిజాయితీ ఉందండీ" అన్నాడు కూడా. నేను జార్జ్ సెల్‌ను విని కళ్ళు మూసుకుని తలాడిస్తూ "ఇంకెవరు, కార్లోస్ క్లైబరే" అన్నాను. అసలు క్లైబర్ వచ్చినప్పుడు "ఫర్వాలేదు" అన్నాను. నెమ్మదితనం వల్ల క్లెంపరర్‌ను అందరం గుర్తుపట్టాం. ఫుర్ట్‌వెంగ్లర్‌ను హాల్లో దగ్గు పట్టించింది. అంతకుమించి మా ప్రతాపం ఏమీ లేదు.

ఆ పిల్ల అంతటితో వదల్లేదు. ఆఖరున రెండు ముక్కలు పెట్టి ఏది బాగుందో చెప్పమంది. నలుగురం ఏకగ్రీవంగా రెండోదే అన్నాం. మొదటిది పేలవంగా ఉందనీ, రెండోదాంట్లో ప్రాణం ఉందనీ డాక్టరు గారు వివరించారు కూడా. రెండూ ఒకే రికార్డింగు. రెండోదానికి సౌండు కొద్దిగా పెంచింది, అంతే. "నాన్నా, ప్రాణం అంటే రెండు డెసిబెల్లా?" అని అడిగింది.

ఆ దెబ్బ తర్వాత నేను రికార్డును రికార్డుగా వినడం మొదలుపెట్టాను. 1962 కరయాన్ సెట్ బెర్లిన్‌లో దాలెం అనే పేటలోని యేసుక్రీస్తు చర్చిలో రికార్డు చేశారు. ఆ చర్చి గోడలు స్వరాన్ని పట్టుకుని కాసేపు వదలవు. మనం "బెర్లిన్ ఫిల్హార్మోనిక్ తీగల నిగనిగ" అని మురిసిపోయేదాంట్లో ఆ గోడల వాటా ఎంతో ఆలోచించాలి. క్లెంపరర్ ఎన్నో రికార్డింగులు చేసిన లండన్ కింగ్స్‌వే హాల్ కింద మెట్రో రైళ్ళు తిరిగేవి. ఆ హాల్లో చేసిన రికార్డుల్లో మంచి స్పీకర్ల మీద ఆ గుడగుడ వినిపిస్తుంది. ఇక కార్లోస్ క్లైబర్ 1974 రికార్డు. ముందు నుంచి చివరిదాకా ఒక్క ఊపిరిలో పోయినట్టు ఉంటుందని దానికి పేరు. అది కచేరీ కాదు. వియన్నాలో మ్యూజిక్‌ఫెరైన్ హాల్లో జనం లేకుండా, కొన్ని రోజుల పాటు విడతలుగా చేసిన స్టూడియో పని. ఆ ఒక్క ఊపిరిలో కండక్టర్‌తో పాటు టేపు కత్తిరించి అతికించినవాళ్ళకూ భాగం ఉండాలి. వాళ్ళ పేర్లు అట్ట వెనక చిన్నక్షరాల్లో ఉంటాయి. వాళ్ళకు అభిమాన సంఘాలు లేవు.

ఇంకా వెనక్కి వెళ్తే మరీ విచిత్రం. 1913లో ఆర్థర్ నికిష్ బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో చేసిన రికార్డింగ్ ఈ సింఫనీ మొత్తాన్ని ఎక్కించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి. అప్పటికి రికార్డింగుకు మైకు లేదు, కరెంటు రికార్డింగు 1925లో గానీ రాలేదు. పెద్ద బాకా గొట్టం ముందు వాద్యకారులు ఇరుక్కుని కూర్చుని ఊదాలి, వాయించాలి. పళ్ళెం ఒక్కో వైపు నాలుగు నిమిషాలు. సింఫనీని ఎక్కడో అక్కడ నరికి, మళ్ళీ అతికించుకోవాలి. ఆ తరం శ్రోతలందరికీ సింఫనీ అంటే ముక్కలు. ప్రతి నాలుగు నిమిషాలకూ లేచి పళ్ళెం తిప్పాల్సిందే. 1948లో ఎక్కువసేపు మోగే ఎల్పీ రికార్డు వచ్చేదాకా అదే బతుకు. నా టక్ గురించి నవ్వే మిత్రులకు నేను ఇది గుర్తుచేస్తుంటాను.

టేపు వేగం సంగతి కూడా చెప్పాలి. ఫుర్ట్‌వెంగ్లర్ 1943 జూన్‌లో బెర్లిన్‌లో చేసిన ఐదో సింఫనీ జర్మన్ రేడియోవాళ్ళు మాగ్నెటోఫోన్ టేపు మీద పట్టారు. యుద్ధం ముగిశాక ఆ టేపులు సోవియట్ సైన్యంతో మాస్కో చేరాయి. అక్కడ సోవియట్ రికార్డుల కంపెనీ మెలోడియా ఎల్పీలుగా వచ్చాయి, ఆ ఎల్పీల నుంచి తక్కిన ప్రపంచానికి. ఇలా చేతులు మారిన యుద్ధకాలపు రికార్డుల్లో కొన్ని ముద్రణల్లో శ్రుతి పైకి పోయింది. టేపు అనుకున్నదాని కంటే వేగంగా తిరిగితే శ్రుతీ పెరుగుతుంది, వేగమూ పెరుగుతుంది, ఆరు శాతానికి అరస్వరం చొప్పున. ఆ ఎల్పీలు విని "ఏమి ఆవేశం, ఏమి ఉద్వేగం" అన్నవాళ్ళు పొగిడినదాంట్లో కొంత టేప్ మోటారుకు కూడా చెందుతుంది.

ఇక్కడే నా వాదన నాకే ఎదురు తిరుగుతుంది. దాచను.

1943 రికార్డు గురించి ఎవరు మాట్లాడినా అందులో యుద్ధం వినిపిస్తుందంటారు. అదే యుద్ధంలో బీబీసీ ఈ సింఫనీ తొలి నాలుగు స్వరాలనే విజయ సంకేతంగా వాడింది. మోర్స్ కోడ్‌లో మూడు చుక్కలు, ఒక గీత అంటే వీ అక్షరం. లండన్‌లో హిట్లర్‌కు వ్యతిరేకంగా మోగిన స్వరాలే బెర్లిన్‌లో హిట్లర్ రాజ్యపు రేడియో కోసం మోగాయి. ఆ బెర్లిన్ రికార్డింగ్ జరిగిన హాలు, పాత ఫిల్హార్మోనీ, 1944 జనవరిలో బాంబులకు కూలిపోయింది. ఇవన్నీ తెలిశాక ఆ రికార్డును "ఊరికే ఒక రికార్డు"గా ఎవరు వినగలరు? పేరు చెప్పకుండా వినిపిస్తే ఆ యుద్ధం వినిపించదని నా అనుమానం. డాక్టరు గారి అమ్మాయి దగ్గర ఆ అనుమానానికి బలమైన సాక్ష్యమే ఉంది. అయినా అట్ట చూసి విన్నప్పుడు నాకూ వినిపిస్తుంది.

ఇంకో జత చూడండి. 1934 డిసెంబరులో బెర్లిన్‌లో ఇద్దరు పెద్ద కండక్టర్లు నాజీ ప్రభుత్వంతో పేచీ పడి రాజీనామా చేశారు. ఒకరు ఫుర్ట్‌వెంగ్లర్, హిండెమిత్ సంగీతం విషయంలో. రెండోవాడు ఎరిక్ క్లైబర్, ఆల్బన్ బెర్గ్ సంగీతం విషయంలో. కొద్ది నెలల్లో ఫుర్ట్‌వెంగ్లర్ సర్దుకుని మళ్ళీ కండక్ట్ చేయడం మొదలుపెట్టాడు. ఎరిక్ క్లైబర్ కుటుంబంతో జర్మనీ వదిలి, చివరికి అర్జెంటీనా చేరాడు. బెర్లిన్‌లో కార్ల్‌గా పుట్టిన కొడుకు అక్కడ కార్లోస్ అయ్యాడు. ఉండిపోయినవాడు యుద్ధం తర్వాత విచారణ ఎదుర్కొని, 1947 మే నెలలో బెర్లిన్‌లో మళ్ళీ వేదికెక్కాడు. ఎక్కి వాయించిందేమిటి, ఐదో సింఫనీయే. వెళ్ళిపోయినవాడు 1953లో ఆమ్‌స్టర్‌డామ్‌లో కన్సెర్ట్‌హెబౌ ఆర్కెస్ట్రాతో డెక్కా కంపెనీ కోసం ఇదే సింఫనీ రికార్డు చేశాడు. ఆ తండ్రి కొడుకును సంగీతం వద్దని జ్యూరిక్‌లో కెమిస్ట్రీ చదవడానికి పంపాడు. (ఎంసెట్ ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ తండ్రిని పరిచయం చేయక్కర్లేదు.) కొడుకు చదువు వదిలేసి, 1974లో అదే సింఫనీతో అందరి నంబర్ వన్ అయ్యాడు.

తండ్రీకొడుకుల రికార్డులు పక్కపక్కన పెట్టి వినండి. నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. కొడుకు పదును ఎక్కడి నుంచి వచ్చిందో తండ్రి దగ్గర తెలుస్తుంది. అదే బిగువు, అదే ముందుకు వంగిన నడక. తండ్రి రికార్డు మోనో, శబ్దం కొంచెం ఎండిపోయి ఉంటుంది, అందుకే జాబితాల్లో వెనకబడింది. 1974లో వియన్నా హాలు, స్టీరియో టేపు దొరికి ఉంటే తండ్రి ఎక్కడుండేవాడో! నాకు రెండింట్లో తండ్రిదే ఇష్టం. ఇది సంగీతం మీద తీర్పా, వదిలిపెట్టి వెళ్ళిన మనిషి మీద అభిమానమా అని మీరు అడిగితే నిజాయితీగా విడదీసి చెప్పలేను. ఇందాకటి నుంచి అందరినీ తప్పుపడుతున్నవాణ్ణి నేనే కాబట్టి ఈ ఒప్పుకోలు ఇక్కడ ఉండాలి.

అందుకే ఇప్పుడు ఎవరైనా నా దగ్గరకు వచ్చి నంబర్ వన్ అడిగితే, ముందు మీరు మొదట విన్నది ఏదో చెప్పండి అంటాను. తొంభై శాతం కథ అక్కడే తేలిపోతుంది. బ్యాంకు పెద్దాయన మొదట విన్నది కాలేజీ రోజుల్లో ఎవరింట్లోనో కరయాన్ ఎల్పీ అట, పరీక్ష తర్వాత నెల రోజులకు గుర్తొచ్చి ఫోన్ చేశాడు. ఇన్నేళ్ళుగా తిట్టినదాన్నే చెవి గుర్తుపెట్టుకుందన్నమాట.

ఈ లెక్కన క్లెంపరర్‌కు భవిష్యత్తు బాగుంటుంది. 1977లో వాయేజర్ అంతరిక్ష నౌకలతో పంపిన బంగారు రికార్డు మీద ఐదో సింఫనీ మొదటి మూవ్‌మెంట్ ఆయనదే, ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రాతో. మన హిందుస్తానీ గాయని కేసర్‌బాయి కేర్కర్ పాట కూడా అందులో ఉంది. ఎక్కడో ఎవరికో అది దొరికిందనుకోండి, వాళ్ళు మొదట వినేది క్లెంపరరే. ఆ తర్వాత మనం క్లైబర్‌ను పంపినా "బాగానే ఉంది గానీ మరీ తొందర" అంటారు. వాళ్ళతో ఇక వాదించలేం.

నా క్యాసెట్ పోయింది. ఒక వర్షాకాలంలో టేపు చిక్కుపడి, పెన్సిల్ పెట్టి తిప్పితే తెగింది. అతికించాను, మళ్ళీ తెగింది. దాని కోసమే ఈ నలభై ఒకటి కొన్నానని మా ఆవిడ అంటుంది. అబద్ధం కాదు. కొత్తది కొన్నప్పుడల్లా మొదటి అయిదు బార్లు విని, ఆ రెండు ఆపుల నిడివి నా జ్ఞాపకంలో ఉన్నదానితో సరిపోతుందేమో చూస్తాను. రెండు మూడుసార్లు ఇదేనేమో అనిపించింది. బసూన్ల దగ్గరకు వచ్చేసరికి కాదని తేలింది. నా క్యాసెట్‌లో రెండోసారి కూడా హార్న్‌లే ఊదాయి, అది మాత్రం ఖాయం. పార్టీ మారకముందు పదేళ్ళు నేను ఎవరి తరఫున వాదించానో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

కొన్నేళ్ళ కిందట ముంబైలో ఈ సింఫనీ మొదటిసారి లైవ్‌గా విన్నాను. ఆర్కెస్ట్రా గొప్పగా వాయించిందనను, బాగా వాయించింది. మూడో మూవ్‌మెంట్ చివర్లో తీగలు ఆ స్వరాలు పట్టుకున్నాయి. టింపని మొదలైంది. వాయించేవాడు నాకు ఎదురుగా కనిపిస్తున్నాడు, కర్రలు చర్మానికి ఇంచు ఎత్తు కూడా లేవడం లేదు. హాల్లో ఎవరూ కదలడం లేదు. ట్రాంబోన్లవాళ్ళు వాద్యాలు పెదవుల దగ్గరకు ఎత్తారు.

నేను సీటులోంచి సగం లేచాను. పక్కనున్న ఆవిడ బయటికి వెళ్తాననుకుని కాళ్ళు పక్కకు జరిపింది.